మేస్త్రి నంబరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, ఇక్కడ దాచి లాభం లేదు. వెబ్‌సైట్లు చేసే పని కూడా నేను ఆ కోపంతోనే నేర్చుకున్నాను. వనపర్తిలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కొన్నేళ్లు దరఖాస్తులు నింపాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే పని. జనం లైన్లో నిలబడి చెబుతుంటే వాళ్ల పేర్లు, ఊళ్లు, తండ్రుల పేర్లు కొట్టడం, అన్నీ అయ్యాక కింద బటన్ నొక్కడం. సగం సార్లు తెల్ల పేజీ వచ్చేది. దరఖాస్తు ఎక్కిందో లేదో దేవుడికే తెలియాలి. లైన్లో ఉన్నవాళ్లు నన్ను తిట్టేవాళ్లు, నేను ఆ పేజీ రాసినవాణ్ణి తిట్టేదాన్ని. ఒకరోజు తిట్టి తిట్టి విసుగొచ్చి, వీడి కంటే నేనే బాగా రాస్తానని పంతం పట్టాను. డిగ్రీలో నేను చదివింది చరిత్ర. అయినా వెనక్కి తగ్గలేదు. పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కుని, ఫోన్లో పాఠాలు చూస్తూ, రెండేళ్లలో నేర్చుకున్నాను.

ఇప్పుడు బస్టాండు వెనక ఒక దర్జీ కొట్టు పైన నాకో గది ఉంది. కింద కుట్టు మిషన్లు నడుస్తుంటే పైన నా టేబుల్ సన్నగా వణుకుతూ ఉంటుంది. బడులకు, విత్తనాల దుకాణాలకు, ఫంక్షన్ హాళ్లకు సైట్లు చేసి ఇస్తాను. నా పేజీ ఎప్పుడూ తెల్లగా రాదు. పని అయితే అయిందని చెబుతుంది, కాకపోతే కాలేదని చెబుతుంది. ఆ ఒక్క విషయంలో నాకు చాలా గర్వం ఉండేది. ఉండేది అనే రాస్తున్నాను, గమనించండి.

పేదవాళ్లకు ఉచితంగా కంటి ఆపరేషన్లు చేయించే ఒక ధర్మసంస్థ వాళ్లు ఆ గదికి వచ్చారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ ఊరూరా శిబిరాలు పెడతారు. కళ్లు చూసి, కంట్లో పొర ముదిరినవాళ్ల పేర్లు రాసుకుని, వంతుల వారీగా బస్సులో దవాఖానకు తీసుకుపోతారు. నోటు పుస్తకాల్లో పేర్లన్నీ కలగాపులగం అవుతున్నాయి, సైట్ కావాలన్నారు. చేసి ఇచ్చాను. అందులో అసలు బరువు మోసేవి రెండే ఫంక్షన్లు. ఫంక్షన్ అంటే మనం అప్పగించిన పనిని చేసుకొచ్చే ఒక కోడ్ ముక్క. మొదటిది మనిషి వివరాలు తీసుకుపోయి డేటాబేస్‌లో దాచి, ఒక నంబరు తెచ్చి చీటీ మీద అచ్చు వేస్తుంది. రెండోది ఆ నంబరో పేరో చెబితే డేటాబేస్‌ను అడిగి వివరాలు వెతికి తెస్తుంది. అలా అడగడాన్నే మేము క్వెరీ అంటాం. దవాఖానకు ఎవరెవర్ని పిలవాలో ఆ జాబితా తీసేది కూడా ఈ రెండోదే. సైట్ చేసినదాన్ని కాబట్టి శిబిరాల్లో టేబుల్ ముందు కూర్చునే పని కూడా నా మెడకే పడింది.

తిమ్మాజిపేటలో మొదటి శిబిరం చలికాలం చివర్లో జరిగింది. ఆ రోజు నేను లేను, సంస్థ వాళ్లే పేర్లు ఎక్కించారు. ఎండలు ముదిరాక రెండోసారి పెట్టినప్పుడు నేను పోయాను. అప్పుడే ఆమెను మొదటిసారి చూశాను. అరవై దాటి ఉంటాయి. బక్కపల్చటి మనిషి. కుడి కన్నులో నల్లగుడ్డు ఉండాల్సిన చోట తెల్లగా ఉంది, ఎడమ కన్ను మసక. చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును కొంగున ముడేసుకుని వచ్చింది. ముడి విప్పడానికే చాలాసేపు పట్టింది. ఆమె వెనక లైను పెరుగుతోంది, నాలో కోపం పెరుగుతోంది.

"మొన్న బస్సు పోయిందంట గద బిడ్డ. మా గుంపుల ఒక్కామెకే ఫోనొచ్చింది. నన్నెందుకు పిలువలేదో జర చూడు," అంది.

చీటీ మీద నంబరు నూటనలభై మూడు. కొట్టాను. వివరాలు లేవని వచ్చింది. పేరుతో కొట్టాను. లేవు. ఇంకోసారి కొట్టాను. లేవంటే లేవు.

"నీ పేరే లేదు పెద్దమ్మా. ఈ చీటీ ఎక్కడిది?"

"మొదటి దినం మీవోళ్లే ఇచ్చిండ్రు. నేనే మా గుంపోళ్లందర్ని తోలుకొచ్చి రాయించిన."

"ఎవరికి రాయించావో ఏమో, నీది మాత్రం సరిగ్గా రాయించుకోలేదు. రాయించుకుని ఉంటే కంప్యూటర్లో ఉండేది. అది అబద్ధం చెప్పదు. చెప్పడం అయ్యేదాకా నిలబడకుండా మధ్యలోనే పోయి ఉంటావు."

వెనక ఎవరో నవ్వారు. ఆమె చీటీని మళ్లీ కవర్లో పెట్టుకుంది. నేను పెద్ద మేలు చేస్తున్నదానిలా, మళ్లీ ఎక్కిస్తాను చెప్పు అన్నాను. పేరు, ఊరు, వయసు, ఫోన్ నంబరు. నంబరు ఆమెకు నోటికి రాదు, పాత చీటీ వెనక ఎవరో రాసిపెట్టిన దాన్ని చూసి కొట్టాను. నమోదు అయిందని పేజీ చెప్పింది, కొత్త చీటీ వచ్చింది. ఆమె వెనకే ఆమె కూలి గుంపువాడే ఒకాయన ఉన్నాడు, కంట్లో నీళ్లు కారుతున్నాయని ఆమే వెంట తీసుకొచ్చింది. అతని వివరాలూ ఎక్కించాను. అతనూ అదే ఫోన్ నంబరు చూపించాడు. మొగుడూ పెళ్లాలేమో అనుకున్నాను. అడగలేదు. లైను పెద్దగా ఉంది.

వానలు మొదలైన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం నా గది మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్కో మెట్టుకు ఆగి, గోడ తడుముకుంటూ ఎవరో ఎక్కుతున్నారు. చూస్తే ఆమె. తిమ్మాజిపేట నుంచి రెండు బస్సులు మారి, దారిలో కనిపించినవాళ్లకు చీటీ మీది చిరునామా చూపించి అడుగుతూ వనపర్తి దాకా ఒక్కతే వచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టలేదు, గొంతు విని గుర్తుపట్టింది.

"ఈసారి గూడ నాకు ఫోన్ రాలే బిడ్డ. బస్సు నిన్ననే పోయిందంట."

నీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఆమె సంగతి మొదటిసారిగా పూర్తిగా విన్నాను. ఏటా వానాకాలం నడిమిలో ఆమె గుంపు గద్వాల వైపు, అయిజ దగ్గరి పొలాలకు పోతుంది. అక్కడ విత్తన పత్తి పండిస్తారు. సాయంత్రం పూట రేపు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, గోటితో గిల్లి, లోపలి మగ భాగాన్ని ఒలిచి గుర్తు కట్టాలి. తెల్లారాక మగపువ్వు తెచ్చి ఆ మొగ్గకు అద్దాలి. క్రాసింగ్ అంటారు. గోరు జర్రున జారితే మొగ్గ పోతుంది, కన్ను ఒక్క మొగ్గను దాటేస్తే ఆ చేను విత్తనమే కల్తీ అవుతుంది. పోయిన ఏడు ఆమె దాటేసిన మొగ్గలను వెనక వచ్చేవాళ్లు ఏరుకుంటూ వచ్చారట. ఈ ఏడు గుంపును పనికి తీసుకుపోయే మేస్త్రి ఖచ్చితంగా చెప్పేశాడు.

"కండ్లు వస్తే గుంపుల రా, లేకుంటే ఇంటికాడ ఉండు అన్నడు. ఆయనది గూడ తప్పు లేదు. నాకు ఇంటికాడ ఉండుడు చాతగాదు బిడ్డ. ముప్పై ఏండ్లు గుంపుల తిరిగిన దాన్ని."

రెండో చీటీ ఇచ్చింది. నంబరు చూసి కొట్టాను. వివరాలు లేవు.

ఈసారి తప్పించుకునే దారి లేదు. ఆ వివరాలు ఎక్కించింది నా చేత్తో నేనే. నమోదు అయిందన్న మాట కళ్లారా చూశాను. నాకు ఒళ్లంతా వేడెక్కింది. ఎవరి మీద కోపం వచ్చిందో వెంటనే తెలియలేదు, కానీ ఇది తేలేదాకా ఈ కుర్చీలోంచి లేవకూడదని మాత్రం అనుకున్నాను. కింద దర్జీ కొట్టులో ఆడవాళ్లను అడిగి ఆమెకు అక్కడే ఒక మూల కూర్చోవడానికి చోటు ఇప్పించాను. సాయంత్రం బస్సుకు ఎక్కిస్తానని చెప్పి పైకొచ్చాను.

వెతికి తెచ్చే ఫంక్షన్ మీద మొదటి అనుమానం. పేరు తెలుగులో ఉంది కదా, అక్షరాలు సరిగ్గా పోల్చుకోలేకపోతోందేమో అనుకున్నాను. పరీక్షకని ముందే ఎక్కించి పెట్టుకున్న నా పేరు తెలుగులో కొట్టి వెతికాను, దొరికింది. అయితే పేజీకి, డేటాబేస్‌కు మధ్యలో ఏదైనా తెగిందా? పేజీని పక్కన పెట్టి నేరుగా డేటాబేస్‌లోకి పోయి, చేత్తో క్వెరీ రాసి అడిగాను. ఫలానా నంబరు మనిషిని చూపించు అంటే ఒక్క వరుస కూడా లేదంది. అంటే వెతికే ఫంక్షన్ తప్పు కాదు. అక్కడ మనిషే లేదు.

అంతలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లో గంటకు సరిపడా బ్యాటరీ ఉంది, ఇంటర్నెట్ ఫోన్లోంచి తీసుకున్నాను. కింద మిషన్లు ఆగిపోయి, ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. వాళ్లలో ఎవరో ఆమెను అన్నం తిన్నావా అని అడుగుతున్నారు.

తర్వాత చేసిన పని మొదట్లోనే చేయాల్సింది. వరుసలన్నీ నంబరు ప్రకారం పేర్చి పైనుంచి కిందికి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. నూటనలభై రెండు ఉంది. తర్వాత నూటయాభై రెండు. మధ్యలో తొమ్మిది మంది లేరు. ఇంకా కిందికి పోయాను. మళ్లీ ఒక గండి, ఆరుగురు లేరు. మళ్లీ ఒకటి. కొన్ని చోట్ల ఒక్కరే, కొన్ని చోట్ల ఏడెనిమిది మంది. నంబర్లు ఇచ్చింది నిజం, చీటీలు అచ్చయింది నిజం, మనుషులు మాత్రం లేరు. ఒక పెద్దమ్మ చీటీ పోగొట్టుకున్న సంగతి కాదిది.

ఎవరో తీసేశారా అనుకున్నాను. తీసేసే బటనే నేను పెట్టలేదు. సంస్థ వాళ్లకు ఫోన్ చేసి గట్టిగా అడిగాను, వాళ్లకు డేటాబేస్ తలుపు ఎటు ఉంటుందో కూడా తెలియదు. చివరికి చీటీ వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఆమె మొగుడో కొడుకో ఎత్తుతారనీ, ఆ రోజు ఏం జరిగిందో చెబుతారనీ అనుకున్నాను. ఒక మగగొంతు ఎత్తింది. కంటి శిబిరం నుంచి మాట్లాడుతున్నానని చెప్పాను.

"ఎవరి గురించి మేడం? ఎవరు కావాలె?" అన్నాడు.

"ఇది ఎవరి నంబరు?"

"నాదే. మేస్త్రిని. మా గుంపుల అందరిదీ గిదే నంబర్. వాళ్ల సిమ్ములు నెలకొకటి మారుతయి, ఒగని ఫోనుకు చార్జింగ్ ఉండదు, ఒగనికి ఫోనే ఉండదు. దవాఖాన చీటీ గానీ, బ్యాంకు గానీ, పిల్లల బడి గానీ, అందరు నా నంబరే రాయిస్తరు. ఫోనొస్తే నేను చెప్త. మీకు ఎవరు కావాల్నో చెప్పుండ్రి, పక్కకే ఉన్నరు."

ఎవరూ వద్దని ఫోన్ పెట్టేశాను. ఇక చూడాల్సిన అవసరం లేదు, అయినా చూశాను. నమోదు చేసే ఫంక్షన్ తెరిస్తే, నేనే రాసిన ఆ వాక్యం అక్కడే ఉంది. ఒకే మనిషి రెండుసార్లు వచ్చి పేరు రెండుసార్లు ఎక్కించుకుంటే జాబితా చెడిపోతుందని, మొదట్లో ఒక తెలివి చేశాను. ఒక ఫోన్ నంబరుకు ఒక్క మనిషే అని డేటాబేస్‌కు కట్టడి పెట్టాను. ఆ నంబరుతో ఎవరైనా ఇప్పటికే ఉంటే పాత వరుసను తీసేసి, కొత్త వరుసను దాని చోట పెట్టమని క్వెరీ రాశాను. అది చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆమె తర్వాత రెండో మనిషి ఎక్కగానే ఆమెను తీసేసింది. మూడో మనిషి ఎక్కగానే రెండో మనిషిని తీసేసింది. మొదటి శిబిరంలో గుంపులో చివరన వచ్చిన ఒక్కామె మిగిలింది, అందుకే ఫోన్ ఆమెకే వెళ్లింది; రెండోసారి పెద్దమ్మను ఎక్కించగానే ఆమె వరుస కూడా పోయింది. ప్రతిసారీ నమోదు అయిందని నా పేజీ మర్యాదగా చెప్పింది. అందరికంటే ముందు తన పేరు రాయించుకుని, తర్వాత ఒక్కొక్కరిని చేయి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి, ఆ తీసుకొచ్చిన కొద్దీ తుడిచిపెట్టుకుపోయింది. రెండోసారి అయితే నేనే ఆమెను రాసి, రెండు నిమిషాల్లో నేనే చెరిపేశాను.

పట్నంలో పుట్టి పెరిగినవాళ్లు ఈ తప్పు చేస్తే క్షమించొచ్చు. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. మా నాయన కూడా గుంపులో పోయినవాడే. కాలువలు తవ్వడానికి ఎక్కడెక్కడికో పోయేవాడు. ఆయనతో మాట్లాడాలంటే మా అమ్మ నన్ను మేస్త్రి ఇంటికి తీసుకుపోయేది, మేస్త్రి భార్య ఫోన్ కలిపి ఇచ్చేది. నా పదో తరగతి పరీక్ష దరఖాస్తులో ఉన్న నంబరు మేస్త్రిదే. మా అమ్మ దవాఖాన చీటీ మీదా అదే. ఆ నంబరు నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను, పాఠాల్లో ఎవరో చెప్పిన మాట పట్టుకుని, ఒక మనిషికి ఒక ఫోన్ అని రాసుకున్నాను. నా వేళ్లు ఆ వాక్యం కొడుతున్నప్పుడు ఒక్కసారైనా మా నాయన గుర్తు రాలేదు. ఆ మధ్యాహ్నం నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ బ్యాటరీ అయిపోతోంది, ఏడిస్తే కుదరదు.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టలేదు. ఫోన్ నంబరు మీద కట్టడి తీసేశాను. పాత వరుసను తీసేసే వాక్యాన్ని తీసేసి, కొత్త వరుసను మాత్రమే చేర్చే వాక్యం పెట్టాను. అదే నంబరుతో ఇంకెవరైనా ఉంటే వాళ్ల పేర్లన్నీ టేబుల్ ముందు కూర్చున్న మనిషికి చూపించి, ఈ మనిషి వీళ్లలో ఒకరేనా, వేరేనా అని అడిగేలా చేశాను. ఒకే నంబరుతో ఐదుగురిని ఎక్కించి వెతికాను. ఒక్కరే వచ్చారు. వెతికే ఫంక్షన్‌కు కూడా ఒక జబ్బు ఉంది, ఒక ఫోన్ నంబరు మీద మొదటి మనిషి దొరకగానే ఆగిపోయేది. దాన్నీ మార్చాక ఐదుగురూ వచ్చారు. సాయంత్రం కిందికి దిగి, ఆమె వివరాలు మూడోసారి ఎక్కించి బస్సు దాకా నడిపించాను.

"ఇప్పుడు నీ పేరు ఎక్కింది పెద్దమ్మా. వచ్చే బస్సులో నువ్వు ఉంటావు."

"అప్పుడేమైంది బిడ్డ?"

"కంప్యూటర్లో ఏదో అయింది," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. మధ్యాహ్నం నుంచి నిజం కోసం పట్టుబట్టి కూర్చున్నదాన్ని, నిజం దొరికాక ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. ఆమె నాకు దండం పెట్టింది. బస్సు కదిలేదాకా నేను నేల చూస్తూ నిలబడ్డాను.

కోడ్ బాగుపడింది గానీ పోయిన మనుషులు తిరిగి రారు. పాత వరుసలు ఎక్కడా మిగల్లేదు, నకలు తీసి పెట్టుకునే ఏర్పాటు నేను చేయలేదు. వాళ్ల పేర్లు ఉన్న చోటు ఒక్కటే, వాళ్ల చేతుల్లోని చీటీలు. మర్నాడు ఒక నోటు పుస్తకం తీసుకున్నాను. ఎక్కడెక్కడ గండి ఉందో చూసి, ఆ గండి తర్వాత మిగిలిన మనిషి ఫోన్ నంబరు రాసుకున్నాను. ఆ నంబర్లలో సగానికి పైగా మేస్త్రులవే. ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. మీ గుంపులో కంటి చీటీ ఉన్నవాళ్లంతా ఎవరు, ఎక్కడున్నారు అని అడిగాను. కొందరు విసుక్కున్నారు. ఒకాయన నేను మోసం చేసేదాన్ననుకుని తిట్టి పెట్టేశాడు, ఆయనకు నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి నేను కూడా తిట్టాను, అప్పుడు నమ్మాడు.

ఫోన్లో తేలని వాటికి బస్సెక్కాను. గోపాల్‌పేటలో ఒక గుంపు నాట్లలో ఉంది, గట్టు మీద నిలబడి పిలిస్తే మడిలోంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. చీటీలు ఇంట్లో దేవుడి పటం వెనక ఉన్నాయన్నారు, వాళ్ల ఇంటి దాకా పోయి చూసి రాసుకున్నాను. అయిజలో సంత రోజు పోయాను, ఆ రోజైతే గుంపుల వాళ్లంతా ఒక్కచోట దొరుకుతారని ఒక మేస్త్రే చెప్పాడు. కూరగాయల మధ్య నిలబడి పేర్లు రాసుకుంటుంటే, ఏ పథకమో అనుకుని చీటీలు లేనివాళ్లు కూడా నా చుట్టూ మూగారు. వాళ్లవీ రాసుకున్నాను. నల్లమల అంచు గూడెంలో ఒక ముసలాయన చీటీ తడిసి ముద్దయింది. నంబరు కనిపించలేదు గానీ, అతని ముందు ఎవరు నిలబడ్డారో వెనక ఎవరు నిలబడ్డారో అతనికి బాగా గుర్తుంది. ఆ లెక్కన అతని చోటు పట్టుకున్నాను. ఇంట్లో మా ఆయన, ఇంత తిరగడం ఎందుకు, ఇంకో శిబిరం పెడితే వాళ్లే వస్తారు కదా అన్నాడు. ఒకసారి వచ్చి, పేరు లేదనిపించుకుని పోయినవాళ్లు మళ్లీ ఎందుకొస్తారని అతని మీద అరిచాను. పాపం, అతని తప్పేం లేదు.

రెండు వారాల్లో దాదాపు అందరూ దొరికారు. ఇద్దరి జాడ మాత్రం ఏ మేస్త్రికీ తెలియలేదు. ఆ రెండు నంబర్లు నా టేబుల్ ముందు గోడకు రాసి అంటించాను, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

తర్వాతి బస్సులో ఆమె దవాఖానకు పోయింది. ఆపరేషన్ మర్నాడు కట్టు విప్పుతారని తెలిసి నేను పొద్దున్నే బయల్దేరాను. దారంతా ఆమెకు నిజం ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. వార్డులో వరుసగా మంచాలు, ఒక్కో మంచం మీద ఒక్కో కట్టు. ఆమె గుంపువాళ్లే నలుగురు ఉన్నారు. నర్సు ఆమె ఎడమ కంటి కట్టు విప్పింది. ఆమె కొంత సేపు రెప్పలు ఆడించి, పక్క మీద దుప్పటి అంచు పట్టుకుని దాని దారాలను ఒక్కొక్కటే చూసింది. గోటితో ఒక పోగును లాగి పక్కకు పెట్టింది.

"మొగ్గ కనిపిస్తది," అంది, ఎవరితోనో కాదు, తనతోనే.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అప్పుడే డాక్టరు వచ్చాడు. ఎడమ కన్ను బాగుందన్నాడు, నెల రోజులు దుమ్ములోకి పోవద్దన్నాడు. లైటు పెట్టి కుడి కన్ను మళ్లీ ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది ఇంక రాదమ్మా. పొర మరీ ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది. మొదట్లోనే వచ్చి ఉంటే రెండు కళ్లూ వచ్చేవి. ఎందుకింత ఆలస్యం చేశావు?"

"తప్పు నాదే సారు," అంది ఆమె. "మొదటి దినం పేరు సరిగ్గ రాయించుకోలే. మధ్యల్నే పోయినంట. గీ బిడ్డనే చెప్పింది."

నా వైపు చూపించింది. కసిరింది లేదు, ఎత్తిపొడిచింది లేదు. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. నేను కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"కాదు," అన్నాను. నా గొంతు వార్డంతా వినిపించింది, వినిపించాలనే అన్నాను. "పెద్దమ్మ మొదటి రోజే రాయించుకుంది. సరిగ్గానే రాయించుకుంది. నేను రాసిన దాంట్లో తప్పు ఉంది. ఒక ఫోన్‌కు ఒక్కరే అని రాశాను, ఆమె తర్వాత ఎవరు ఎక్కినా ఆమె పేరు చెరిగిపోయింది. రెండోసారి నా చేత్తోనే చెరిపేశాను. కంప్యూటర్లో ఏదో అయిందని చెప్పింది కూడా అబద్ధమే. ఈ కన్ను పోవడానికి కారణం నేను."

డాక్టరు పక్క మంచానికి పోయాడు. గుంపువాళ్లు నా వైపే చూస్తున్నారు. ఆమె తిడితే బాగుండు అనిపించింది. కొట్టినా పడేదాన్ని.

"అంటే నేను సరిగ్గనే రాయించుకున్న."

"సరిగ్గానే రాయించుకున్నావు పెద్దమ్మా. మొదటి రోజే."

"మరి గీ మాట మా ఇంటికాడ గూడ చెప్తవా? నా కొడుకు ఇన్నొద్దుల సంది నన్నే తిడుతుండు. పేరు రాయించుకునే తెలివి గూడ లేదు, అందర్ని మాత్రం ఎంటేసుకోని పోతదని. కోడలు గూడ గదే మాట."

చెబుతానన్నాను. మధ్యాహ్నం వాళ్లను దింపే బస్సులోనే నేనూ ఎక్కాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఆమె దారి పొడవునా చేలు చూస్తూనే ఉంది, ఎక్కడ ఏ పంట వేశారో గుంపువాళ్లకు చెబుతూ ఉంది. నాతో మాట్లాడలేదు. వాళ్ల ఇంటి ముందు కొడుకు మోటారు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. తల్లిని చూసి లేచాడు. నేను ఎవరో చెప్పుకుని, వార్డులో చెప్పిందంతా మొదట్నుంచి చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు. అతను వింటూ నన్ను కాదు, తల్లి కుడి కన్ను వైపు చూశాడు. చేతిలోని పానా కింద పెట్టాడు. అంతా అయిందనుకుని నేను నోరు మూసుకున్నాను.

ఆమె నా మోచేయి పట్టుకుని గుమ్మం వైపు తిప్పింది.

"ఇంకోసారి చెప్పు బిడ్డ. కోడలు లోపలున్నది, ఇనలే."

నేను మళ్లీ మొదట్నుంచి చెప్పాను, ఈసారి ఇంకా గట్టిగా.